తుంటి ఆపరేషను తర్వాత వచ్చే నొప్పి – మన సహనం, మన జాగ్రత్త

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ యేడు ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. మేము డాక్టర్లము కాము. మన సంఘ కుటుంబాలలో తుంటి కీలు మార్పించుకొన్న వాళ్ళము కొందరము, వాళ్ళను ఇంట్లో కనిపెట్టుకొని చూసుకొంటున్న వాళ్ళము కొందరము. మాకు అనుభవమైనదీ, డాక్టర్ల నోట విన్నదీ, చదివి తెలుసుకొన్నదీ కలిపి మీ ముందు పెడుతున్నాము.

తుంటి కీలు మార్పిడి అంటే ఒకప్పుడు వింత. ఇంగ్లండులో రైటింగ్టన్ అనే ఆసుపత్రిలో సర్ జాన్ చార్న్‌లీ అనే డాక్టరు 1962లో ఉక్కు బంతినీ, గట్టి ప్లాస్టిక్కు గిన్నెనూ జతచేసి, పళ్ళ డాక్టర్లు వాడే తరహా సిమెంటుతో ఎముకకు అతికించి ఈ ఆపరేషనును ఒక దారికి తెచ్చారు. ఇవాళ మన జిల్లా పట్టణాలలో సైతం చేస్తున్నారు. ముసలివాళ్ళకే అనుకోవద్దు. తొడ ఎముక తలకు రక్తం అందక అది కుళ్ళిపోయే జబ్బుతో మన దేశంలో ముప్పై, నలభై యేళ్ళ వాళ్ళకూ ఈ ఆపరేషను అవసరమవుతున్నది. కోవిడ్‌కు స్టెరాయిడ్లు వాడినవారిలో కొందరికి ఈ జబ్బు రావడాన్ని 2021లో ముంబై డాక్టర్లు బయటపెట్టారు.

ఆపరేషను మంచిదే, అందులో సందేహం లేదు. 2019లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన ప్రకారం మార్చిన తుంటి కీళ్ళలో నూటికి సుమారు 58 ఇరవై అయిదేళ్ళ దాకా పనిచేస్తున్నాయి. మంచం దిగలేని మనిషి మూడు నెలలకు మసీదుకు నడిచి వస్తుంటే కళ్ళారా చూసినవాళ్ళము మేము. అందుకు అల్లాహ్‌కు షుక్ర్ చెప్పుకొంటున్నాము.

అయితే మేము చెప్పదలచినది ఆ తర్వాతి సంగతి. మనిషి లేచాడు, వాకరు వదిలాడు, చేతికర్ర కూడా వదిలాడు. బంధువులు ముబారక్ చెప్పి వెళ్ళారు. అయిదో నెలలోనో, ఎనిమిదో నెలలోనో, ఏడాది దాటాకనో, ఒకనాడు అదే కాలు మళ్ళీ నొప్పి పెడుతుంది. అప్పుడు ఏం చేయాలి? ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు మొదటి ఆరువారాల జాగ్రత్తలు కాగితం మీద రాసి ఇస్తారు. ఆరునెలల తర్వాత వచ్చే నొప్పి గురించి చాలామందికి ఎవరూ చెప్పరు.

ముందుగా తెలియవలసింది, ఇది మన ఒక్కరికే వచ్చిన కష్టం కాదు. 2012లో పలు దేశాల పరిశీలనలను ఒకచోట చేర్చి చూస్తే, తుంటి మార్పిడి తర్వాత దీర్ఘకాలం నొప్పి మిగిలినవారు నూటికి 7 నుంచి 23 దాకా వున్నారని తేలింది. కనుక నొప్పి వచ్చినంత మాత్రాన మనిషి ఏదో తప్పు చేశాడనీ కాదు, డబ్బంతా వృథా అయిందనీ కాదు, కీలు విరిగిపోయిందనీ కాదు.

మాకు తెలిసిన ఒక దాదీ సంగతి చెప్తాము. ఆపరేషను అయ్యాక ఆరు నెలలు చక్కగా తిరిగింది. వంట చేసింది, మనవరాలి నికాకు పొరుగూరు వెళ్ళివచ్చింది. ఏడో నెలలో గజ్జలో నొప్పి మొదలైంది. మంచం మీద నుంచి కాలు ఎత్తి దించేటప్పుడు, ఆటో ఎక్కేటప్పుడు పొడిచినట్టు ఉండేది. ఆమె ఎవరికీ చెప్పలేదు. కొడుకు అప్పు చేసి, కోడలి గాజులు తాకట్టు పెట్టి ఆపరేషను చేయించాడు. “మళ్ళీ నొప్పి అంటే వాడి గుండె పగిలిపోదా?” అన్నది ఒక బాధ. గజ్జ అనే మాట మగ డాక్టరు ముందు నోట రాదన్నది ఇంకో బాధ. పక్కింటివాళ్ళు “సబర్ చెయ్యమ్మా” అన్నారు. మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు తెప్పించుకొని రెండు పూటలా మింగింది. రెండు నెలలకు కాళ్ళు వాచాయి. రక్తపరీక్ష చేస్తే మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని తెలిసింది.

తీరా తుంటిని చూస్తే, ఎక్స్‌రేలో కీలు చెక్కుచెదరకుండా వుంది. తుంటి ముందు నుంచి పోయే కండరపు నరం – నరం అంటున్నాము గాని అది కండరాన్ని ఎముకకు కట్టే తాడు – కొత్త గిన్నె అంచుకు రాసుకొంటున్నదట. కొన్ని వారాల వ్యాయామంతో, ఒక ఇంజెక్షనుతో చాలావరకు తగ్గింది. అంటే నొప్పి చేసిన చెరుపు కంటే, దాన్ని దాచడం చేసిన చెరుపు ఎక్కువ. ఇప్పుడు ఆమె అనేదేమంటే, “నేను చేసింది సబర్ కాదు, భయం.”

ఇందుకు వేరైన సంగతి ఇంకొకటి. మా వాళ్ళలో ఒకరు షుగరు మనిషి. తొమ్మిదో నెలలో పాదానికి చిన్న పుండు పడింది. వారం రోజులకు ఆపరేషను అయిన తుంటిలో నొప్పి, రాత్రి పడుకొన్నా తగ్గని నొప్పి, కొద్దిగా జ్వరం. ఆయన ఇల్లాలు ఆలస్యం చేయలేదు, రెండో రోజే ఆపరేషను చేసిన డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది. కీలులోంచి నీరు తీసి పరీక్షిస్తే చీము పట్టే క్రిములు వున్నాయి. పాదపు పుండులోంచి రక్తం ద్వారా అక్కడికి చేరాయి. తొందరగా వెళ్ళినందువల్ల లోపల కడిగి, మార్చదగిన విడిభాగాలు మార్చి, కీలును నిలబెట్టగలిగారు. ఆలస్యమైవుంటే మొత్తం కీలు తీసివేయవలసి వచ్చేదని డాక్టరు అన్నారు.

ఒకరిది చిన్న కారణం, ఒకరిది పెద్ద కారణం. ఇద్దరికీ మొదట వచ్చింది నొప్పే. ఏది ఏదో ఇంట్లో కూర్చొని మనం తేల్చలేము. కాని గమనించి చెప్పగలము. సరిగా గమనించి చెప్తే డాక్టరు పని సగం తేలిక అవుతుంది.

నొప్పి ఎక్కడ అన్నది మొదటి ప్రశ్న. గజ్జలో నొప్పి అయితే గిన్నె వైపు సంగతో, ముందరి కండరం సంగతో కావచ్చు. తుంటి బయటి పక్కన, ఆ వైపు ఒత్తిగిలి పడుకొంటే నొప్పి అయితే పక్క కండరాల వాపు కావచ్చు. తొడ మధ్యలో నొప్పి అయితే ఎముకలో దించిన కాడ వైపు చూస్తారు. పిరుదు నుంచి మోకాలు దాటి కిందికి లాగుతూ తిమ్మిరి ఎక్కితే అది తుంటిది కాక, నడుములో నరం నొక్కుకొన్నందువల్ల కావచ్చు. మాలో ఒకరికి అచ్చంగా ఇదే జరిగింది. కీలుకు దోషం లేదు, నడుముకు చికిత్స చేస్తే కాలు కుదుటబడింది.

ఎప్పుడు అన్నది రెండో ప్రశ్న. కూర్చొని లేచిన మొదటి నాలుగడుగులు నొప్పిగా వుండి తర్వాత సర్దుకొంటున్నదా? కీలు ఎముకలో వదులైతే ఇలా వుంటుందంటారు. నడిచినకొద్దీ పెరిగి, కూర్చొంటే తగ్గుతున్నదా? లేక పడుకొన్నా, అర్ధరాత్రి కూడా వుంటున్నదా? ఈ చివరిదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

పెళ్ళిపనుల్లో ఎక్కువ తిరిగినందుకు వచ్చిన నొప్పి రెండుమూడు రోజుల విశ్రాంతితో తగ్గుతుంది. కండరాలు పూర్తిగా బలపడడానికి ఏడాది దాకా పడుతుంది కనుక అలసట సహజమే. రెండు వారాలైనా తగ్గకపోతే, లేక వారం వారం పెరుగుతుంటే డాక్టరుకు చూపించడం మా లెక్క.

కొన్ని లక్షణాలకు ఒక్కరోజు కూడా ఆగకూడదు. చలిజ్వరం, గాయం దగ్గర ఎరుపు, చీము, నీరు కారడం. పడిన తర్వాత కాలు మోపలేకపోవడం. ఉన్నట్టుండి కాలు పొట్టిదైనట్టు, పక్కకు తిరిగినట్టు కనబడడం. పిక్క వాచి నొప్పి పెట్టడం. దానితో ఆయాసం, గుండెలో నొప్పి కూడా వుంటే అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి పోవలసిందే.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. నొప్పి వస్తే ఇంటి దగ్గర ఎవరో ఒకరు యాంటీబయాటిక్ బిళ్ళలు రాసిస్తారు. కీలులో క్రిమి వుందేమోనన్న అనుమానం వున్నప్పుడు, పరీక్షకు ముందే ఆ బిళ్ళలు వేసుకొంటే క్రిమి పరీక్షలో దొరకకుండా దాక్కొంటుంది. డాక్టరు గుడ్డిగా వైద్యం చేయవలసి వస్తుంది. అందుచేత ముందు ఆపరేషను చేసిన డాక్టరును గాని, కీళ్ళ డాక్టరును గాని కలవాలి. సాధారణంగా మొదట చేసేవి ఎక్స్‌రే, ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనే రక్తపరీక్షలు. పాత ఎక్స్‌రేలు తప్పక తీసుకుపోండి. పాతదాని పక్కన పెట్టి చూస్తేనే మార్పు తెలుస్తుంది.

ఆపరేషను కాగితాల్లో కీలు పేరు, నంబరు వున్న చిన్న స్టిక్కర్లు వుంటాయి. వాటిని ఇంటి పట్టాతో సమానంగా దాచండి. లోహం మీద లోహం రాసుకొనే ఒక రకం కీలును 2010లో ప్రపంచమంతటా వెనక్కు తీసుకొన్నారు. ఆ కాగితం వున్నవారికి తమ ఒంట్లో వున్నది ఏదో వెంటనే తెలిసింది. లేనివాళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరిగారు.

ఇక మన దీనీ జీవితానికి సంబంధించిన మాటలు. తుంటి మార్చిన తర్వాత సజ్దాలో లోతుగా వంగడం, స్త్రీలు రెండు కాళ్ళూ ఒక పక్కకు పెట్టి ఖాదాలో కూర్చోవడం – వీటిలో కీలు బాగా వంగి మెలి తిరుగుతుంది. ఎవరి ఆపరేషను ఏ పద్ధతిలో జరిగిందో దానినిబట్టి డాక్టరు అనుమతి వుంటుంది. అనుమతి వచ్చేదాకా కుర్చీ మీద నమాజు చేసుకొనే సౌలభ్యం రోగికి వున్నదని ఉలమాలు చెప్తూనే వున్నారు. “కుర్చీ వేసుకొన్నాడు, బద్ధకం” అని ఎవరినీ అనకండి. వజూలో పాదాలు కడగడానికి వంగలేకపోతే ఇంట్లోవాళ్ళు నీళ్ళు పోసి సాయం చేయాలి. దస్తర్‌ఖాన్ దగ్గర నేలమీద కూర్చోలేనివారికి పక్కనే బల్ల వేయండి, దూరంగా విడిగా కూర్చోబెట్టకండి.

రంజాన్ నెలలో నొప్పి బిళ్ళలతో ఉపవాసం జాగ్రత్తగా వుండాలి. ఖాళీ కడుపుతో, ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని నొప్పి బిళ్ళలు కడుపుకూ, మూత్రపిండాలకూ చేటు చేస్తాయి. రంజానుకు నెల ముందే డాక్టరునూ, మీ ఇమాం సాహెబునూ ఇద్దరినీ అడగండి. రోగికి రోజా విషయంలో మినహాయింపు వున్నది.

షుగరు వున్నవాళ్ళు రోజూ పాదాలు చూసుకోవాలి. పంటి చీమును, మూత్రంలో మంటను ఉపేక్షించకూడదు. పంటి డాక్టరుకు “నాకు తుంటి కీలు మార్చారు” అని ముందే చెప్పాలి.

చివరగా ఇంట్లోవారికి మా మనవి. మన పెద్దలు తమంతట తాము నొప్పి అని చెప్పరు. “ఎలా వుంది అమ్మీ?” అంటే “అల్‌హందులిల్లాహ్, బాగుంది” అంటారు. అది వాళ్ళ ఈమాన్, ఆ మాటలో అబద్ధం లేదు. కాని వాళ్ళ నడక చూడండి. సలాం చెప్పి కుర్చీలోంచి లేస్తుంటే ముఖం చూడండి. రాత్రి నిద్ర పడుతున్నదా అని అడగండి. ఖర్చు ప్రస్తావన వాళ్ళ ముందు తేకండి. ఆడవాళ్ళ వెంట కూతురో, కోడలో డాక్టరు గదిలోకి వెళ్ళాలి. నోట చెప్పలేని చోట చేతితో చూపించినా చాలు. పరీక్ష చేసేటప్పుడు నర్సమ్మను పక్కన వుండమని అడిగే హక్కు మనకు వుంది.

సంఘానికి కూడా ఒక విన్నపం. ఆపరేషను రోజున సాయం చేసేవారు చాలామంది వున్నారు. ఎనిమిదో నెలలో పరీక్షకు పోవడానికి ఆటో కిరాయి లేక ఆగిపోయేవారి గురించి ఎవరికీ తెలియదు. ఒక జాబితా రాసుకొని, మూడు నెలలకూ, ఆరు నెలలకూ, ఏడాదికీ వారి ఇంటికి వెళ్ళి పలకరించే ఏర్పాటు చేద్దాము. వాడి పక్కన పెట్టిన వాకర్లు, కమోడు కుర్చీలు మన ఇళ్ళలో అటకల మీద వున్నాయి. అవి సంఘం గదికి చేరిస్తే ఇంకొకరికి పనికివస్తాయి.

చికిత్స చేయించుకోవడం మన ప్రవక్త (స) నేర్పిన మార్గమే. వైద్యం చేయించుకొని, ఫలితం అల్లాహ్‌కు వదిలి, ఆ తర్వాత మిగిలిన బాధను ఓర్చుకోవడమే సబర్ అని మేము అర్థం చేసుకొన్నాము. కొందరికి అన్ని పరీక్షలూ బాగున్నా కొంత నొప్పి మిగులుతుంది. వారికి వ్యాయామం, ఓపిక, మన పలకరింపు – ఈ మూడూ కావాలి.

నొప్పితో వున్న ప్రతి ఒక్కరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక. వారిని చూసుకొనే చేతులకు బలం ఇచ్చుగాక. ఆమీన్.

వస్సలాం.