మోనోపలీ ఆటలో మార్పిడి నేర్పు



ఇంటిల్లిపాదియు చుట్టు గూర్చుండి ఆడు ఆటలలో మోనోపలీ యొకటి. మన యిండ్లలో 'బిజినెస్' అను పేర పిల్లలు ఆడునది దీనిని పోలినదే. ఈ ఆటలో గెలుపు కేవలము పాచికల చలువయని పలువురి నమ్మకము. పాచికలు స్థలమును చూపును, అంతే. గెలిపించునది బేరము.

అమెరికా పటమున వీధులు 22. అవి 8 రంగుల జట్లుగా నున్నవి. ఒక రంగు వీధులన్నియు ఒక్కరి చేత జేరినగాని వానిపై ఇండ్లు కట్టుటకు వీలులేదు. నలుగురు ఆడునపుడు జట్టు తనంత తాను ఒకరికి కుదురుట అరుదు. ఎవరి కాగితములను వారు పట్టుకొని కూర్చున్నచో ఆట ముందునకు సాగదు. మార్పిడి చేసికొన్న యిద్దరును బలపడుదురు. చూచుచు కూర్చున్న తక్కిన యిద్దరును వెనుకబడుదురు.

అయినచో ఏ జట్టును కోరవలెను? వెల హెచ్చుగా నున్నదే మేలని తలపరాదు. ఆటగాండ్రు మాటిమాటికి జైలు పాలగుదురు. జైలునుండి 6, 8, 9 గడుల దూరమున నారింజరంగు వీధులు మూడును గలవు. రెండు పాచికలు పడు విధములు 36. అందు 14 విధములు, వెలుపలికి వచ్చిన కాయను ఈ మూడింటిలో నొకదానిపై నిలుపును. బాటసారులు నడువని వీధిలో అంగడి పెట్టి ఫలమేమి?

ఇక అద్దె సంగతి. ఈ జట్టులోని న్యూయార్కు అవెన్యూకు ఒక యిల్లున్న అద్దె 80 డాలర్లు, రెండున్న 220, మూడున్న 600. ఇంటివెల మాత్రము ప్రతిమారును 100 డాలర్లే. కావున మూడవ యింటివరకు పోవుటకు వలసిన రొక్కము చేతనుంచుకొనియే బేరమాడవలెను. మూడు వీధులకును మూడేసి యిండ్లన్న 900 డాలర్లు. ముదురు నీలపు జట్టులో వీధులు రెండే యైనను, ఇంటివెల 200 గనుక, 1,200 డాలర్లు కావలెను. ఎదుటివాని చేత 300 మాత్రమే యున్నపుడు నీలపు కాగితమిచ్చి నారింజ కాగితము పుచ్చుకొనుట లాభము. అతని చేత రొక్కము దండిగా నున్నచో అదే మార్పిడి మన కొంప ముంచును.

మరియొక కిటుకు కలదు. బ్యాంకు వద్ద నుండు ఇండ్లు మొత్తము 32. హోటలు కట్టినవాడు నాలుగిండ్లను తిరిగి బ్యాంకున కీయవలెను. నాలుగిండ్లతోనే ఆగినచో ఇతరులకు ఇండ్లు దొరకుట కష్టమగును.

ఈ ఆటకు మూలము 1904లో ఎలిజబెత్ మేగీ అను వనిత పేటెంటు పొందిన 'భూస్వామి ఆట'. భూమి కొందరి చేత జిక్కినచో తక్కినవారు ఎట్లు దివాలా తీయుదురో చూపుటయే ఆమె తలపు. 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థవారు ఆమె హక్కును, అమ్మకములలో వాటా లేకుండ, 500 డాలర్లకు కొనిరి. ఆట కోట్లకొలది ప్రతులు అమ్ముడుపోయినది. కాగితముపై వెలను గాక అది ముందు తేగల రాబడిని చూచి బేరమాడవలెనని ఆట నేర్పు పాఠము. ఆ పాఠమునకు ఆమె కథకన్న వేరు నిదర్శన మక్కరలేదు.