వాతమను మాట చాటున



మన కోనసీమలో కీలు నొచ్చినను, కాలు తిమ్మిరెక్కినను, చేయి స్వాధీనము తప్పినను పెద్దల నోట మొదట వెలువడు మాట వాతము. అమలాపురము చెంత ఒక ఇంట విందు జరిగిన రాత్రి, గృహస్థుని కాలి బొటనవ్రేలు ఎఱ్ఱగా పొంగి, దుప్పటి అంచు తగిలినను ఓర్వలేనంత నొప్పి పుట్టినదనుకొనుడు. అది వాతము. రాజోలు వైపు మరియొక ఇంట, పాతికేండ్ల కోడలికి ఒక కన్ను మసకబారి, కొన్ని వారములకు తేరుకొని, మరి కొన్ని నెలలకు కాళ్లు తడబడసాగినవనుకొనుడు. అదియు వాతమే. ఇద్దరికిని ఒకే తైలము, ఒకే పథ్యము. పేరు ఒకటైన ఈ రెండు వ్యాధులకు నిజముగా చుట్టరికము కలదా? ఈనాడు ఆ సంగతి మనవి చేయుదును.

మొదటిది గౌట్. మన శరీర కణములలోను, మనము తిను మాంసము, రొయ్యలు, ఎండుచేపలలోను ప్యూరిన్లను పదార్థములు కలవు. అవి తుదకు యూరిక్ ఆమ్లముగా మారును. మూత్రపిండములు దానిని చాలినంత వెలికి పంపలేనపుడు, అది రక్తములో పెరిగి కీళ్లలో సూదులవంటి స్ఫటికములుగా గడ్డకట్టును. గౌట్ రోగుల రక్తములో ఈ ఆమ్లము అధికముగా నుండునని 1848లో ఆల్ఫ్రెడ్ గారడ్ అను ఆంగ్ల వైద్యుడు చూపెను. రక్తములో దానిని కొలుచు పద్ధతులను తీర్చినవారిలో హార్వర్డు ఆచార్యుడు ఆటో ఫోలిన్ ముఖ్యుడు. వశిష్ఠకు ఆవలి భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో తొలి పరిశోధనలు సాగించినది ఆ ఫోలిన్ నడపిన శాఖలోనే.

రెండవది మల్టిపుల్ స్క్లెరోసిస్. 1868లో పారిస్ నగరమున షార్కో అను వైద్యుడు దీనిని స్పష్టముగా వర్ణించెను. విద్యుత్తు తీగకు తొడుగు వలె మన నాడులకు మైలిన్ అను పొర కలదు. శరీరమును కాపాడవలసిన కణములే మెదడులోను, వెన్నుపాములోను ఆ పొరపై తిరుగబడుట ఈ వ్యాధి. భూమధ్యరేఖకు దూరమైన శీతల దేశములలో ఇది ఎక్కువ, మన వంటి ఉష్ణ దేశములలో తక్కువ. అరుదగుటచేతనే ఇచ్చట దీనిని పోల్చుకొనుట ఆలస్యమగుచుండును.

ఇక చుట్టరికము మాట. 1998లో అమెరికా పరిశోధకులు 2 కోట్లకు పైగా రోగుల వైద్య వివరములను పరిశీలించి, ఈ రెండు వ్యాధులు ఒకే మనిషియందు కానవచ్చుట మిక్కిలి అరుదని ప్రకటించిరి. మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులలో యూరిక్ ఆమ్లము తక్కువగా నుండుటయు పలుచోట్ల కనబడినది. కీళ్లను బాధించు ఆ ఆమ్లమే నాడులకు హాని చేయు కొన్ని విష పదార్థములను అణచునేమోయను ఊహ అట్లు బలపడెను.

ఊహ ముచ్చటైనదే. కాని తొందరపడరాదు. గౌట్ పురుషులలో, అందును నడివయస్సు దాటినవారిలో ఎక్కువ. మల్టిపుల్ స్క్లెరోసిస్ స్త్రీలలో, ఇరువది మొదలు నలువది ఏండ్ల నడుమ ఎక్కువ. ఇరువురును ఒకచోట కలియకుండుటకు ఈ భేదము కొంత కారణము కావచ్చును. నాడులలోని తాపము వలననే ఆ ఆమ్లము ఖర్చయిపోవుచున్నదేమో కూడ! ఆమ్లమును పెంచు ఇనోసిన్ అను మందును ఇంటర్‌ఫెరాన్‌తో కలిపి ఇచ్చి చూడగా, 2010లో వెలువడిన ఫలితములలో అదనపు మేలు కనబడలేదు. మరియొక పరీక్షలో కొందరికి మూత్రపిండములలో రాళ్లు కట్టినవి. కావున నాడులకు మేలని రొయ్యలు, మద్యము పెంచుట అవివేకము. గౌట్ ఉన్నది గనుక రెండవది రాదని నిశ్చింతగా నుండుటయు అంతే.

అయితే ఔషధశాలలో ఈ రెండు వ్యాధులకు నిజమైన చుట్టరికమొకటి కలదు. గౌట్‌కు వాడు అల్లోప్యురినాల్, ఖరీదైన మందులు కొనలేని మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకు కొన్నిచోట్ల ఇచ్చు అజథయోప్రిన్ — ఈ రెండును గెర్ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్స్ గార్ల కృషినుండి పుట్టిన తోబుట్టువులు. వీరికి 1988లో నోబెల్ బహుమానము లభించెను. కాని ఆ తోబుట్టువులను ఒక్క కడుపులో చేర్చరాదు. అల్లోప్యురినాల్ రెండవదానిని శరీరమునుండి తొలగిపోనీయదు. అది పేరుకొని ఎముకల మజ్జను దెబ్బతీసి, రక్తకణములను ప్రమాదకరముగా తగ్గించును. ప్రాణము మీదికి రావచ్చును.

కావున కొత్తపేటలో కీళ్లకని ఒక వైద్యుని, కాకినాడలో నాడులకని మరియొక వైద్యుని చూచువారు, తాము వాడు మందులన్నిటి చీటీలను ఇరువురికిని చూపవలెను. బొటనవ్రేలు పొంగినచో యూరిక్ ఆమ్లమును పరీక్షింపజేయుడు; అయితే నొప్పి తీవ్రముగా నున్నపుడు ఆ లెక్క మామూలుగానే కనబడవచ్చును గనుక, వైద్యుడు మరల రమ్మన్నచో మానకుడు. యౌవనమున ఒక కన్ను నొప్పితో మసకబారినను, తిమ్మిరి దినములకొలది నిలిచినను నాడీవైద్యుని చూడుడు. తనంత తాను తగ్గినదని ఊరకుండవలదు. ఆ తగ్గుటయే ఈ వ్యాధి మోసము.

వాతమను మాటను విడువమని నేను కోరను. ఆ మాట దగ్గరనే ఆగిపోవలదని మాత్రము కోరుచున్నాను. సెలవు.