లెక్క మనమే తీయాలి
(దళిత యువజన కార్యకర్తల శిక్షణ తరగతుల్లో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



వినియోగదారుడు అంటే మనకెవరు గుర్తొస్తారు? ఫ్రిజ్జు చెడిపోతే కోర్టుకెక్కే పట్నం పెద్దమనిషి. సబ్బుల కంపెనీవాడు ఇంటింటికీ మనిషిని పంపి ఏ వాసన నచ్చిందమ్మా అని అడిగి రాసుకుంటాడు. సబ్బు అమ్ముకోడానికే అంత పరిశోధన! మరి మన వాడకొచ్చి రేషన్ బియ్యం సరిగ్గా తూస్తున్నారా, నర్సమ్మ మీ గడప దాకా వస్తోందా అని అడిగినవాడెవడు?

చట్టం సంగతి చూడండి. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. వైద్యం కూడా దాని కిందికొస్తుందని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మంచిదే. కానీ అందరికీ ఉచితంగా వైద్యం చేసే సర్కారు ఆస్పత్రి దాని కిందికి రాదని కూడా ఆ తీర్పే చెప్పింది. మనం కట్టే పన్ను ఫీజు కాదట! 2019లో కొత్త చట్టం వచ్చినా ఉచిత సేవ బయటే ఉండిపోయింది. అంటే సర్కారు దవాఖానా తప్ప దిక్కులేని కూలితల్లి వినియోగదారుల లెక్కలోనే లేదు. కాబట్టి ఆమె లెక్క మనమే రాయాలి.

లెక్క రాస్తే ఏమొస్తుందని అడుగుతారు. 2001-02లో 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో అంటరానితనం మీద సర్వే జరిగింది. ఘనశ్యామ్ షా, సుఖదేవ్ థోరట్ మొదలైనవారు 2006లో దాన్ని పుస్తకంగా తెచ్చారు. దాదాపు మూడో వంతు ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్ళకు పోవడం లేదని తేలింది. దాదాపు నాలుగో వంతు ఊళ్ళలో ఉత్తరాలు మన ఇళ్ళకు చేరడం లేదు. అంతకుముందు ఒక ఊళ్ళో ఒకడు చెబితే "ఎవడో ఒకడు చేశాడులే" అని కొట్టిపారేసేవాళ్ళు. 565 ఊళ్ళను ఎలా కొట్టిపారేస్తారు? అయితే అవి పాతికేళ్ళ నాటి లెక్కలు. నేటి లెక్క కావాలి.

ఇంకొకటి. ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేకపోతే, అడిగిన మూడు నెలల్లో పెట్టాలని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందు ఇవ్వాలని కూడా చెప్పింది. ఆ 40 మందిని లెక్కపెట్టాల్సిందెవరు? ఆఫీసరు వస్తాడా? ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, ఒక పూట చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది. కూలి కుటుంబాల పిల్లలే మస్టర్లు చేతబట్టి ఇంటింటికీ తిరిగారు. మస్టర్లో పేరు, పనిచేసిన మనిషి, చేతికొచ్చిన కూలి, ఈ మూడూ పోల్చి అందరి ముందూ చదివారు. తిన్న సొమ్ములో కొంతే తిరిగొచ్చింది, నిజమే. కానీ కూలివాడు అడగ్గలడని తేలింది.

ఎలా అడగాలి? డీలరు ముందు అడక్కండి, ఎవరూ నోరు విప్పరు. నీళ్ళు మోసేది, బియ్యం తెచ్చేది, బిడ్డను ఆస్పత్రికి ఎత్తుకెళ్ళేది ఆడవాళ్ళు. ముందు వాళ్ళనడగండి. "బాగుందా?" అని అడిగితే "బాగానే ఉంది నాయనా" అంటారు. "పోయిన నెల ఎన్ని కిలోలు తెచ్చావమ్మా? నర్సు ఎప్పుడొచ్చింది? ఎక్కడ కూచుంది?" అని అడగండి. వాడలో అడిగిందే ఊళ్ళోనూ అడగండి. రెండూ పక్కపక్కన పెడితేనే వివక్ష కనపడుద్ది. దొర పొలంలో కూలికి పోయేవాళ్ళ పేర్లు మాత్రం కాగితం మీద పెట్టకండి. మన సర్వే వాళ్ళ పొట్ట కొట్టకూడదు.

రాసింది మండలాఫీసుకి ఇచ్చేముందు వాడలో చదివి వినిపించండి. తప్పుంటే వాళ్ళే దిద్దుతారు. సరైతే అర్జీ మీద వాళ్ళే వేలిముద్ర వేస్తారు, వెంట వాళ్ళే నడుస్తారు.

బళ్ళో నేను పిల్లలకు శాతాలు చెబుతాను. ఆ లెక్క వడ్డీవ్యాపారికి పనికొస్తోంది, కంపెనీవాడికి పనికొస్తోంది. మన వాడకు ఎందుకు పనికిరాదు? వచ్చే ఆదివారానికి ఒక్కొక్కరు మీ వాడ లెక్క పట్టుకురండి. ఆ కాగితాలు ముందు పెట్టుకుని మళ్ళీ మాట్లాడుకుందాం.

జై భీం.