మానిటర్ వద్దు సరే, మరి దేని మీద చదవాలి?

కిందటి ఎపిసోడ్‌లో కళ్లజోళ్ల గురించి మాట్లాడుకున్నాం కదా, ఆ తర్వాత చాలామంది దగ్గర్నుంచి ఒకటే మాట వచ్చింది. "జోడు మార్చాం, చుక్కలు వేసుకుంటున్నాం, అయినా సాయంత్రానికి కళ్లు మండుతున్నాయి. మానిటర్ బదులు ఇంకేదైనా వాడొచ్చా?" అని. ఇది నాకూ కూటికి సంబంధించిన ప్రశ్నే. నాది ప్రూఫులు దిద్దే పని. రోజుకి ఏడెనిమిది గంటలు తెలుగు అక్షరాలు చూడటమే నా ఉద్యోగం. రెండేళ్ల కిందట పరిస్థితి ఎంతవరకూ వచ్చిందంటే, మధ్యాహ్నం మూడు దాటితే థ కి, ధ కి తేడా కనిపించేది కాదు. పొట్టలో చుక్క ఉందా లేదా అన్నదే కదా ఆ తేడా! అది కనిపించకపోతే ఇంక నాకు పనెవరిస్తారు?

ముందు ఒక్క మాట. తలనొప్పి, ఒకటి రెండుగా కనిపించడం, చూపు మసకబారడం ఉంటే ఈ వీడియో ఆపేసి కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నలభై దాటినవాళ్లకి చత్వారం ఉంటుంది. పుస్తకం చదవడానికి ఇచ్చే జోడు దాదాపు 40 సెంటీమీటర్ల దూరానికి సరిపోయేలా ఉంటుంది. మానిటర్ ఉండేదేమో 60, 70 దగ్గర. ఆ జోడుతో మానిటర్ చూస్తూ మెడ ఎత్తి, కళ్లు చికిలించి పనిచేసేవాళ్లకి మానిటర్ మార్చినా లాభం లేదు.

సరే, అసలు కన్ను ఎందుకు అలసిపోతుంది? నీలి వెలుతురు వల్ల అని అందరూ అంటారు. దాన్ని ఆపే అద్దాలకి నేనైతే డబ్బు పెట్టను. 2023లో కోక్రేన్ వాళ్లు 17 ప్రయోగాలను కలిపి పరిశీలించారు. ఆ అద్దాల వల్ల కంటి అలసట, కనీసం కొద్దికాలంలో, తగ్గకపోవచ్చనే తేల్చారు. అసలు కారణాలు ఇంకా మామూలువి. స్క్రీను చూస్తున్నప్పుడు మనం రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, కన్ను ఎండిపోతుంది. రెండోది, దగ్గరి వస్తువు మీద చూపు నిలపడానికి కంటి లోపలి కండరం బిగుసుకునే ఉండాలి. మూడోది, కొన్ని మానిటర్లలో వెలుతురు తగ్గించినప్పుడు లోపలి దీపం చాలా వేగంగా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. తెల్లటి స్క్రీను ముందు పెన్సిల్ అటూ ఇటూ వేగంగా ఆడించి చూడండి. ఒకే మరకలా కాకుండా విడివిడి పెన్సిళ్లలా కనిపిస్తే మీదీ అలాంటిదే. ఇది కొందరికి అస్సలు పడదు.

ఇప్పుడు ప్రత్యామ్నాయాలకి వద్దాం. అందరికీ ముందు గుర్తొచ్చేది ఈ-ఇంక్, అదే కిండిల్‌లో ఉండేది. సన్నటి గుళికల్లో నల్లరేణువులు, తెల్లరేణువులు ఉంటాయి. కరెంటు ఇస్తే ఏవి పైకి రావాలో అవి వస్తాయి, అలాగే నిలిచిపోతాయి. వెనక నుంచి దీపం కొట్టదు, కాగితంలాగా గదిలోని వెలుతురుతోనే కనిపిస్తుంది. దీంతో కంప్యూటర్ మానిటర్లు కూడా ఉన్నాయి. డాసంగ్ అని ఒక కంపెనీ, బూక్స్ అని ఇంకో కంపెనీ చేస్తున్నాయి. పాతిక అంగుళాల దాకా దొరుకుతాయి. కానీ ధర మాత్రం మామూలు మానిటర్‌కి ఎన్నో రెట్లు. పైగా పేజీ కదిపితే పాత అక్షరాల నీడలు మిగిలిపోతాయి. ఇంగ్లీషువాళ్లకి అది కాస్త చిరాకు, అంతే. మనకి అక్షరం కింద వత్తు, పైన గుడి. కింది వత్తు మీద పాత నీడ పడిందంటే ఏం చదువుతున్నామో తెలీదు! టైపు చేస్తుంటే అక్షరం కూడా ఒక క్షణం వెనకపడుతుంది. అందుకే నేను మానిటర్ జోలికి పోకుండా, ఈ-ఇంక్ టాబ్లెట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మొదటి ప్రూఫు అందులోనే, కిటికీ పక్కన కూర్చుని, పెన్నుతో దిద్దుతాను. అక్కడికి సగం పని మానిటర్ లేకుండానే అయిపోతుంది.

మిగతా సగానికి నాకు బాగా పనికొచ్చింది దూరం. కొంచెం లెక్క చూడండి. అర మీటరు దూరంలో ఉన్నదాన్ని చూడాలంటే కన్ను రెండు డయాప్టర్ల శ్రమ పడాలి. అదే రెండు మీటర్లకి జరిపితే అర డయాప్టర్ చాలు. నాలుగో వంతు! అయితే దూరం నాలుగు రెట్లయితే అక్షరమూ నాలుగు రెట్లు పెరగాలి, లేకపోతే ముందుకి వంగి మళ్లీ దగ్గరికే పోతాం. 24 అంగుళాల మానిటర్ ఇచ్చే సైజు కావాలంటే రెండు మీటర్ల దూరంలో 96 అంగుళాల బొమ్మ ఉండాలి. అంటే ప్రొజెక్టరే. గోడ మీద ఏడడుగుల వెడల్పు బొమ్మ. హాయిగానే ఉంటుంది, కానీ పగలు గదిని చీకటి చేయాలి, ఫ్యాన్ రొద వినాలి, మే నెలలో అది వదిలే వేడి కూడా భరించాలి. అద్దె ఇంట్లో ఏడడుగుల ఖాళీ గోడ ఎక్కడుంటుంది చెప్పండి?

కాబట్టి మధ్యేమార్గంగా నేను టీవీ పెట్టుకున్నాను. 43 అంగుళాల ఫోర్‌కే, నాలుగడుగుల దూరంలో. కొనేముందు మీ ఇంట్లో ఉన్న టీవీకే హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి ఒక సాయంత్రం పనిచేసి చూడండి. సెట్టింగుల్లో పీసీ మోడ్ ఉంటే పెట్టండి, షార్ప్‌నెస్ తగ్గించండి. లేకపోతే అక్షరాల చుట్టూ తెల్లగీతలు వచ్చి మన వత్తులన్నీ అలుక్కుపోతాయి.

ఇక చెవి. ఎన్‌విడిఏ అని ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్ ఉంది, చూపులేనివాళ్ల కోసం చేసింది. తెలుగు కూడా చదువుతుంది. గొంతు మరమనిషిలా ఉంటుంది, రెండురోజులు నవ్వొస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. ఆఖరి ప్రూఫు నేను కళ్లు మూసుకుని వింటాను. ఎగిరిపోయిన మాట, రెండుసార్లు పడిన మాట కంటికంటే చెవికే త్వరగా దొరుకుతాయి. శ, ష, స తేడాలు మాత్రం దాన్ని నమ్మి వదిలేయకండి, అవి కంటితోనే చూసుకోవాలి.

ఇప్పుడు సాయంత్రం ఆరింటి దాకా పనిచేస్తున్నాను. మంట పూర్తిగా పోలేదు కానీ, థ లో చుక్క కనిపిస్తోంది. వచ్చే ఎపిసోడ్‌లో టేబుల్ మీద దీపం ఎటువైపు పెట్టాలి, ఎంత వెలుతురు ఉండాలి అన్నది చూద్దాం. ఉంటానండీ.