మలేసియాలో పొద్దుటి టిఫిన్

మలేసియా వెళ్తున్నారా? పొద్దున్నే రెండు బ్రెడ్డు ముక్కలతో సరిపెట్టుకోకండి. మామక్ కొట్టు ఎక్కడుందో అడగండి. తమిళ ముస్లింల టిఫిన్ హోటలన్నమాట. చాలాచోట్ల రాత్రింబవళ్లూ తెరిచే ఉంటుంది.

అక్కడ రోటీ చనాయ్ తినాలి. మైదా ముద్దను విసిరి విసిరి పల్చగా సాగదీసి, మడతపెట్టి, పెనం మీద కాలుస్తారు. పైన కరకర, లోపల పొరలు పొరలు. పక్కన వేడి పప్పు. రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి మాటే ఉండదు. తోడుగా తే తారిక్, నురగ తేలే చిక్కటి టీ.

నాసి లెమాక్ కూడా కడుపు నింపుతుంది. కొబ్బరిపాలలో వండిన అన్నం, వేరుసెనగలు, గుడ్డు, కారంకారంగా సంబల్ అనే మిరప చట్నీ. శాకాహారులూ, అడిగి తినండి. ఆ సంబల్‌లో సాధారణంగా ఎండుచేపలో రొయ్యలో ఉంటాయి. రోటీకిచ్చే పులుసు కూడా చేపలది కావచ్చు. అందుకే ముందుగానే అడగండి. పప్పే కావాలంటే 'దాల్' అంటే చాలు, వాళ్లకు తెలుస్తుంది.