ఒక్క లైన్ కోసం యానాం దాకా: టెర్మినల్ నుంచి ఈమెయిల్‌లో ప్యాచ్ పంపడం

ఈ ఎపిసోడ్‌లో గిట్ సెండ్-ఈమెయిల్ గురించి మాట్లాడుకుందాం. అంటే బ్రౌజర్ తెరవకుండా, పుల్ రిక్వెస్ట్ బటన్ నొక్కకుండా, మనం కోడ్‌లో చేసిన మార్పుని టెర్మినల్ నుంచే మెయిల్‌లో పంపడం.

"ఈ రోజుల్లో మెయిల్‌లో కోడ్ ఎవరు పంపుతారండీ?" అని మీకు అనిపించొచ్చు. లైనక్స్ కెర్నల్‌కి అలాగే పంపుతారు. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే, దాని అడుగున నడిచేది ఆ కెర్నలే. మనం రోజూ వాడే గిట్ ఉంది కదా, ఆ గిట్ సొంత కోడ్‌కి కూడా మార్పులు మెయిల్‌లోనే చర్చకు వస్తాయి.

కమాండ్లలోకి వెళ్ళేముందు, ఇది నేను ఎలా నేర్చుకున్నానో చెప్తాను. ఎందుకంటే ఇందులో చేయకూడని తప్పులన్నీ నేను వరసపెట్టి చేశాను. అవి వింటే మీకు సగం పని అయిపోయినట్టే.

2022 మే నెల. వర్క్ ఫ్రమ్ హోమ్ నడుస్తోంది, నేను ముమ్మిడివరం దగ్గర అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్నాను. కెర్నల్ డాక్యుమెంటేషన్ చదువుతుంటే ఒకచోట ఒక ఫైల్ పేరు కనిపించింది. ఆ ఫైల్ కోసం వెతికితే ఎక్కడా లేదు. గంటన్నర తర్వాత అర్థమైంది, ఆ ఫైల్‌ని ఎప్పుడో వేరే ఫోల్డర్‌లోకి మార్చారు, డాక్యుమెంట్‌లో మాత్రం పాత దారే ఉండిపోయింది. మార్చాల్సింది ఒక్క లైన్. బీటెక్ అయ్యి, ఉద్యోగంలో చేరి, రోజూ కోడ్ రాస్తున్నాను గానీ, బయట ప్రపంచం చూసేచోట నా పేరు మీద ఒక్క లైన్ కూడా లేదు. సరే, ఇది మనమే సరిచేద్దాం అనుకున్నాను.

మొదటి తప్పు అప్పుడే చేశాను. గిట్ డిఫ్ కొట్టి, వచ్చింది కాపీ చేసి, బ్రౌజర్‌లో మెయిల్ తెరిచి పేస్ట్ చేసి పంపేశాను. మర్నాడు జవాబొచ్చింది. మర్యాదగానే రాశారు గానీ సారాంశం ఏంటంటే, ప్యాచ్ పాడైపోయింది, అప్లై అవ్వట్లేదు, మళ్ళీ పంపండి అని.

ఎందుకు పాడైంది? ప్యాచ్‌లో ప్రతి ఖాళీకీ విలువ ఉంటుంది. లైన్ మొదట్లో ప్లస్ ఉంటే చేర్చిన లైన్, మైనస్ ఉంటే తీసేసిన లైన్, స్పేస్ ఉంటే మారని లైన్. బ్రౌజర్ మెయిల్ ఏం చేస్తుందంటే ట్యాబ్‌లని స్పేస్‌లుగా మార్చేస్తుంది, పొడుగు లైన్లని మధ్యలో విరిచేస్తుంది, పైగా హెచ్‌టీఎంఎల్‌లో చుట్టి పంపుతుంది. మన కంటికి అంతా బాగానే కనిపిస్తుంది. అవతల వాళ్ళ గిట్ మాత్రం "ఈ లైన్లు నా దగ్గర లేవు" అంటుంది.

దాన్ని సరిచేసి పంపుదాం అనుకునేలోపే మే 24 వచ్చింది. కోనసీమ జిల్లా పేరు మార్పు విషయంలో ఆ రోజు అమలాపురంలో జరిగిన గొడవలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ తర్వాత జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆపేశారు. అమ్మమ్మ వాళ్ళింట్లో వేరే కనెక్షన్ లేదు. ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు పెట్టి కూర్చున్నాను.

లాప్‌టాప్‌లో కెర్నల్ సోర్స్ మొత్తం ఉంది. గిట్ క్లోన్ చేస్తే ఫైళ్ళతో పాటు చరిత్ర అంతా మన దగ్గరికి వచ్చేస్తుంది కదా. ప్యాచ్ ఎలా పంపాలో చెప్పే గైడ్ కూడా ఆ సోర్స్‌లోనే ఉంది. డాక్యుమెంటేషన్ ఫోల్డర్‌లో ప్రాసెస్ అనే ఫోల్డర్, అందులో సబ్మిటింగ్-ప్యాచెస్ అని ఒక ఫైల్, ఈమెయిల్-క్లయింట్స్ అని ఇంకో ఫైల్. నెట్ లేదు కాబట్టి ఆ రెండూ మొదటిసారి మొదటినుంచి చివరిదాకా చదివాను. నెట్ ఉండుంటే చదివేవాణ్ణి కాదేమో.

అప్పుడు చేసిన పనులు మీరూ నాతో పాటు చేయండి. స్పెల్లింగులు స్క్రీన్ మీద చూడండి.

మొదటిది కమిట్. గిట్ కమిట్ డాష్ ఎస్. ఆ ఎస్ పెడితే మెసేజ్ కింద సైన్డ్-ఆఫ్-బై అని మన పేరు, మెయిల్ వస్తాయి. "ఈ మార్పుని ఈ ప్రాజెక్ట్ లైసెన్స్ కింద ఇచ్చే హక్కు నాకుంది" అని మనం పెట్టే సంతకం అది. కెర్నల్‌లో ఈ పద్ధతి 2004లో వచ్చింది. ఇక్కడొక మాట. గిట్ కాన్ఫిగ్‌లో నా పేరు కాలేజీ రోజుల నుంచి ఒక ముద్దుపేరు, పక్కన మూడు అంకెలు. అలాంటి వాటితో సంతకం పెట్టకండి. ఇంటిపేరు ముందా వెనకా అన్నది మీ ఇష్టం, నలుగురు మిమ్మల్ని గుర్తుపట్టే పేరు పెట్టండి.

రెండోది ఫైల్ తయారుచేయడం. గిట్ ఫార్మాట్-ప్యాచ్ డాష్ ఒకటి. అంటే చివరి ఒక్క కమిట్‌కి ప్యాచ్ ఫైల్ ఇవ్వు అని. 0001తో మొదలయ్యే పేరుతో ఒక ఫైల్ వస్తుంది. తెరిచి చూడండి, అది అచ్చంగా ఒక మెయిల్. ఫ్రమ్, డేట్, సబ్జెక్ట్, కింద మెసేజ్, ఆ కింద మూడు డాష్‌లు, ఆ తర్వాత మార్పు. మొదటి లైన్‌లో 2001 సెప్టెంబర్ 17 అని తేదీ కనిపిస్తుంది. సిస్టమ్ గడియారం పాడైందని కంగారు పడకండి. గిట్ తయారుచేసే ప్రతి ప్యాచ్‌లోనూ అదే తేదీ ఉంటుంది, ఇది గిట్ ఇచ్చిన ఫైల్ అని టూల్స్ గుర్తుపట్టడానికి పెట్టిన గుర్తు అది.

ఇప్పటిదాకా నెట్‌తో పని పడలేదు, గమనించారా? నా ఫైల్ సైజు రెండు కేబీ కూడా లేదు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం ఫొటో దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది.

మూడోది తనిఖీ. కెర్నల్ సోర్స్‌లో స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో చెక్‌ప్యాచ్ అని ఒక స్క్రిప్ట్ ఉంది. ప్యాచ్ ఫైల్ ఇస్తే, చివర్లో మిగిలిపోయిన ఖాళీల్లాంటి పొరపాట్లు చూపిస్తుంది. పక్కనే గెట్-మెయింటెయినర్ అని ఇంకోటి ఉంది. ఈ ప్యాచ్ ఎవరికి పంపాలో పేర్లు అదే చెప్తుంది. ఇవి కూడా నెట్ లేకుండానే నడుస్తాయి.

అంతా సిద్ధం. పంపడానికి మాత్రం నెట్ కావాలి. యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది కదా, అక్కడ నెట్ ఉందని ఎవరో అన్నారు. మామయ్యని అడిగితే బండి తీశారు. మురమళ్ళ మీదుగా ఎదుర్లంక, అక్కడ గౌతమి మీద బాలయోగి గారి పేరున్న వంతెన దాటాం. ఫోన్‌లో నెట్ వచ్చింది. ఒక చెట్టు నీడన బండి ఆపి, సీటు మీద లాప్‌టాప్ పెట్టాను.

గిట్ సెండ్-ఈమెయిల్ అని కొడితే, అలాంటి కమాండే లేదంది. ఇది రెండో తప్పు. ఉబుంటు, డెబియన్‌లలో ఇది గిట్‌తో పాటు రాదు, గిట్-ఈమెయిల్ అనే ప్యాకేజీ విడిగా వేసుకోవాలి. వేశాను. కాన్ఫిగ్‌లో నాలుగు వివరాలు పెట్టాను. జీమెయిల్ అయితే సర్వర్ ఎస్‌ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్ట్ 587, ఎన్‌క్రిప్షన్ టీఎల్‌ఎస్, యూజర్ మన మెయిల్ ఐడీ. పాస్‌వర్డ్ కొట్టాను. తీసుకోలేదు. మళ్ళీ కొట్టాను. తీసుకోలేదు.

మూడో తప్పు అది, అదీ నాదే. బయటి ప్రోగ్రామ్‌లలో మామూలు పాస్‌వర్డ్ వాడే పద్ధతి 2022 మే 30 నుంచి ఉండదని గూగుల్ ముందే చెప్పింది. ఆ మెయిల్ నాకూ వచ్చింది, చదవకుండా వదిలేశాను. సరిగ్గా ఆ తేదీ దాటిన వెంటనే నేను యానాంలో బండి సీటు ముందు నిలబడి ఉన్నాను.

దారి ఏంటంటే, అకౌంట్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. 16 అక్షరాలు ఉంటుంది. గిట్ అడిగినప్పుడు అదే ఇవ్వాలి. దాన్ని కాన్ఫిగ్ ఫైల్‌లో రాసి పెట్టకండి, ఆ ఫైల్ ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో పంపేస్తాం. అడిగినప్పుడు కొట్టండి, లేదా గిట్ క్రెడెన్షియల్ హెల్పర్‌కి అప్పజెప్పండి.

అసలు మెయిల్‌కి ముందు రెండు పనులు చేయండి. ఒకటి, డాష్ డాష్ డ్రై-రన్. ఎవరికి ఏం వెళ్తుందో చూపిస్తుంది, పంపదు. రెండు, మొదట మీకు మీరే పంపుకోండి. వచ్చిన మెయిల్‌ని ఫైల్‌గా దించుకుని, వేరే బ్రాంచ్‌లో గిట్ ఏఎమ్ అని అప్లై చేయండి. అవతల మెయింటెయినర్ చేసేది కూడా ఆ పనే. మీ దగ్గర అప్లై అయితే వాళ్ళ దగ్గరా అవుతుంది. కమిట్‌లో రాసినవాడి పేరు కూడా మీదే వస్తుంది, అప్లై చేసినవాళ్ళది కాదు.

అన్నీ సరిచూసుకుని, పంపమంటావా అని గిట్ అడిగితే వై నొక్కాను. వెళ్ళింది. మామయ్య అప్పటిదాకా పక్కనే నిలబడి చూస్తున్నారు.

"ఏం పంపావురా?" అన్నారు.

"ఒక లైన్ తప్పుంది మామయ్యా, సరిచేసి పంపాను."

"ఒక్క లైన్‌కి యానాం దాకానా? డబ్బులిస్తారా?"

"ఇవ్వరు."

"ఆయ్, బానే ఉంది" అని నవ్వి బండి స్టార్ట్ చేశారు.

ఊళ్ళో నెట్ తిరిగొచ్చాక చూస్తే జవాబు ఉంది. ఈసారి ప్యాచ్ సరిగ్గానే అప్లై అయింది. కానీ మెసేజ్‌లో ఏం మార్చానో రాశాను, ఎందుకో రాయలేదు. ఆ ఫైల్‌ని ఏ కమిట్‌లో జరిపారో వెతికి రాసి, రెండో వెర్షన్ పంపమన్నారు.

రెండో వెర్షన్ పంపేటప్పుడు ఫార్మాట్-ప్యాచ్‌కి డాష్ వీ2 చేర్చండి, సబ్జెక్ట్‌లో వీ2 అని వస్తుంది. దీన్ని కొత్త మెయిల్‌గానే పంపండి. మొదటిదానికీ దీనికీ తేడా ఏంటో మూడు డాష్‌ల కింద రాయండి. అక్కడ రాసింది మెయిల్ చదివేవాళ్ళకి కనిపిస్తుంది, కమిట్ చరిత్రలోకి వెళ్ళదు. జవాబు రాసేటప్పుడు వాళ్ళ మాట కిందే మీ మాట రాయండి, పైన రాసి కింద అంతా వదిలేయకండి. జవాబు రాకపోతే కనీసం ఒక వారం ఆగండి. రెండు మూడు వారాలు పట్టడం మామూలే. మర్నాడే "సార్, ఏమైంది" అని అడగకండి.

వీ2 తీసుకున్నారు. తర్వాతి వెర్షన్ చరిత్రలో ఆ లైన్ పక్కన నా పేరుంది. గొప్ప కోడేం కాదు, ఒక ఫైల్ దారి. కానీ దాన్ని నాకు తెలియని మనిషి చదివి, ఎందుకు అని అడిగి, నాతో సరిగ్గా రాయించి తీసుకున్నాడు.

ఈ పద్ధతిలో నాకు నచ్చింది అదే. ప్యాచ్ అనే ప్రోగ్రామ్‌ని లారీ వాల్ 1985లో రాశాడు. గిట్‌ని లినస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టాడు. అంతకుముందు నుంచీ కెర్నల్ మార్పులు మెయిల్‌లోనే తిరిగాయి. పాతదే. కానీ దీనికి ఏ కంపెనీ సైట్‌లోనూ అకౌంట్ అక్కర్లేదు. రోజంతా నెట్ ఉండక్కర్లేదు. పని అంతా ఇంట్లో అరుగు మీద కూర్చుని చేసుకోవచ్చు, నెట్ కావాల్సింది పంపే రెండు నిమిషాలే. పెద్ద కంపెనీలో ఉండక్కర్లేదు, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండక్కర్లేదు. లంక గ్రామంలో ఉన్న పిల్లాడు పంపినా, అక్కడ చూసేది ప్యాచ్ అప్లై అవుతుందా, మెసేజ్‌లో కారణం ఉందా అన్నదే.

నాకు ఎవరూ అడ్డు చెప్పలేదండి. మనం పంపొచ్చని నాకు నేనే అనుకోలేదు, అంతే. కాబట్టి ఈ వారం మీ పని ఒకటే. మీ టెస్ట్ రిపోలో ఒక కమిట్ చేసి, ఫార్మాట్-ప్యాచ్ కొట్టి, మీకు మీరే మెయిల్ పంపుకుని, గిట్ ఏఎమ్‌తో అప్లై చేయండి. అది అయితే మిగతాది అడ్రస్ మార్చడమే. వచ్చే ఎపిసోడ్‌లో మూడు నాలుగు ప్యాచ్‌లు కలిపి కవర్ లెటర్‌తో ఎలా పంపాలో చూద్దాం. అప్పటిదాకా సెలవు, ఉంటానండి.