‘అన్ని’ అనే పదం ఎక్కడ పోయింది?

(యువజనుల అధ్యయన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



‘ప్రపంచ రాజకీయాలను మనం ఎలా చర్చించాలి’ అన్న అంశంపై మాట్లాడమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. నేను దౌత్యవేత్తను కాను, ఆచార్యుణ్ణీ కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ళు రాసి, ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. అయితే ఆ కొలువు ఒక విషయాన్ని బాగా నేర్పుతుంది. ఉత్తర్వులో ‘మంజూరు చేయవలెను’ అని ఉంటే వితంతువుకు పింఛను వస్తుంది. ‘మంజూరు చేయుటను పరిశీలించవచ్చును’ అని ఉంటే ఆమె కార్యాలయం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. రెండు కాగితాల మీదా ముద్ర ఒకటే, సంతకం ఒకటే. తేడా అంతా ఒక్క క్రియలో ఉంది.

దేశాల మధ్య వ్యవహారాలు కూడా ఇటువంటి కాగితాల మీదనే నడుస్తాయి. యుద్ధభూమిలో ఫిరంగి మాట్లాడుతుంది, నిజమే. కానీ యుద్ధం ఆగిన మరునాటి నుండి ఎవరి భూమి ఎవరిది, ఎవరు వెనక్కి పోవాలి అన్నది పదాలు తేలుస్తాయి. మనం చర్చించేటప్పుడు ఆవేదన నిండుగా ఉంటుంది, కాగితం చేతిలో ఉండదు. ఈ రోజు ఒకే ఒక్క కాగితాన్ని మీ ముందు విప్పి, దాని ద్వారా నా మాట చెప్పదలచుకున్నాను.

ఒక తీర్మానం, రెండు అర్థాలు

1967 జూన్ 5న మొదలైన యుద్ధం ఆరు రోజుల్లో ముగిసింది. అప్పటికి ఇజ్రాయెల్ సైన్యం ఈజిప్టుకు చెందిన సినాయ్ ద్వీపకల్పాన్ని, ఈజిప్టు పాలనలో ఉన్న గాజాను, జోర్డాన్ అధీనంలో ఉన్న పశ్చిమ తీరాన్ని, తూర్పు జెరూసలేమును, సిరియాకు చెందిన గోలన్ గుట్టలను ఆక్రమించింది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి దీనిపై నెలల తరబడి చర్చించి, 1967 నవంబరు 22న 242వ తీర్మానాన్ని ఆమోదించింది. పదిహేను మంది సభ్యులూ అనుకూలంగా ఓటు వేశారు. ముసాయిదా బ్రిటన్‌ది. దానిని ప్రవేశపెట్టినవారు ఆ దేశ ప్రతినిధి లార్డ్ కారడన్.

యుద్ధం ద్వారా భూభాగాన్ని సంపాదించడం ఆమోదయోగ్యం కాదని ఆ తీర్మానం పీఠికలోనే ఉంది. తరువాత, ఇటీవలి ఘర్షణలో ఆక్రమించిన ప్రాంతాల నుండి ఇజ్రాయెల్ సేనలు వైదొలగాలని ఉంది. చదివినవారికి విషయం స్పష్టమే అనిపిస్తుంది. కానీ ఆంగ్ల పాఠంలో ‘ప్రాంతాలు’ అన్న మాటకు ముందు ‘ది’ అనే చిన్న పదం లేదు, ‘అన్ని’ అనే పదమూ లేదు. ఫ్రెంచి పాఠంలో మాత్రం ‘ఆ ప్రాంతాల నుండి’ అనే నిర్దిష్టమైన అర్థం వస్తుంది. ఆంగ్ల పాఠాన్ని పట్టుకున్న ఇజ్రాయెల్, ఆక్రమించిన ప్రతి అంగుళం నుండి వైదొలగాలని తీర్మానం చెప్పలేదని వాదించింది. ఫ్రెంచి పాఠాన్నీ పీఠికనూ చూపించి అరబ్బు దేశాలు సంపూర్ణ ఉపసంహరణే దాని భావమని వాదించాయి. ఆ వాదం మొదలై అర్ధ శతాబ్దం దాటింది. ఆ ఖాళీ జాగాలో ఎన్ని ఇళ్ళు లేచాయో, ఎన్ని తోటలు పోయాయో లోకం చూస్తూనే ఉంది.

మనకు ఇక్కడ మరొక చిక్కు ఉంది. తెలుగులో ‘ది’ వంటి పదమే లేదు. ‘ఆక్రమించిన ప్రాంతాల నుండి’ అని అనువదిస్తే వివాదానికి మూలమైన తేడా మన కంటికి కనబడదు. అనువాదం చదివి, ‘ఇంత స్పష్టంగా ఉంటే వివాదమెందుకు’ అని మనం ఆశ్చర్యపోతాం. ఎదుటివాడు ఆంగ్ల పాఠం చూపించగానే మాటలేక నిలబడతాం. అంతేకాదు, ఆ తీర్మానంలో ‘పాలస్తీనా’ అన్న పేరు ఎక్కడా లేదు. ‘శరణార్థుల సమస్యకు న్యాయమైన పరిష్కారం’ అని మాత్రమే ఉంది. ఎవరి నేల గురించి మాట్లాడుతున్నారో వారి పేరే కాగితం మీదికి ఎక్కలేదు. వారి భాష అయిన అరబీకి సర్వప్రతినిధి సభలో అధికార భాషా హోదా దక్కింది 1973లో, అంటే ఆరేళ్ళ తరువాత.

మన దేశం ఏం అడిగింది?

ఇప్పుడు మన యువకులు తప్పక తెలుసుకోవలసిన సంగతికి వస్తాను. 1967లో భారతదేశం భద్రతా మండలిలో తాత్కాలిక సభ్యదేశం. బ్రిటన్ ముసాయిదా కంటే ముందు, నవంబరు 7న, భారత్, మాలి, నైజీరియా కలిసి మరొక ముసాయిదాను సమర్పించాయి. ఆ ఘర్షణ ఫలితంగా ఆక్రమించిన ‘అన్ని’ ప్రాంతాల నుండి సేనలు వైదొలగాలని అందులో స్పష్టంగా రాశారు. ఆ ముసాయిదా ఓటుకు రాలేదు. బ్రిటన్ ముసాయిదాకు ఓటు వేసేటప్పుడు మన ప్రతినిధి జి. పార్థసారథి, అన్ని ప్రాంతాల నుండి సంపూర్ణ ఉపసంహరణే ఈ తీర్మానం అర్థమని తాము భావిస్తున్నట్టు మండలిలో నమోదు చేయించారు. పోయిన పదాన్ని కనీసం రికార్డులో నిలబెట్టే ప్రయత్నం అది.

ఇది మనకెందుకు ముఖ్యమో చెబుతాను. పాలస్తీనా గురించి నోరు విప్పిన ముస్లిం యువకుణ్ణి ‘నీ మనసు ఈ దేశంలో లేదు’ అని దెప్పేవారు ఉన్నారు. దానికి కొందరు కోపంతో బదులిస్తారు, కొందరు మౌనంగా తల దించుకుంటారు. రెండూ అవసరం లేదు. ‘అయ్యా, నేను అడుగుతున్నది 1967లో భారత ప్రభుత్వం భద్రతా మండలిలో అడిగినదే’ అని నెమ్మదిగా చెప్పగలిగితే చాలు. అక్కడ మాట్లాడేది ఈ దేశ చరిత్ర తెలిసిన పౌరుడు.

ఇంకా వెనక్కి వెళ్దాం. 1947లో పాలస్తీనా సమస్యను పరిశీలించడానికి సమితి పదకొండు దేశాల సంఘాన్ని వేసింది. అందులో భారత ప్రతినిధి సర్ అబ్దుర్ రహ్మాన్. ఇరాన్, యుగోస్లావియా ప్రతినిధులతో కలిసి ఆయన విభజన వద్దని, అరబ్బులూ యూదులూ కలిసి ఉండే సమాఖ్య రాజ్యం కావాలని సూచించారు. 1947 నవంబరు 29న విభజన తీర్మానానికి అనుకూలంగా 33 ఓట్లు, వ్యతిరేకంగా 13 ఓట్లు పడ్డాయి. పది దేశాలు తటస్థంగా ఉన్నాయి. వ్యతిరేకించిన పదమూడింటిలో భారత్ ఉంది, క్యూబా ఉంది, గ్రీసు కూడా ఉంది. కనుక ఇది రెండు మతాల తగవు అని చెప్పేవారికీ, మనలో అలా భావించేవారికీ ఆ ఓట్ల జాబితాయే సమాధానం.

అయితే చరిత్రలో మనకు నచ్చిన పేజీ మాత్రమే చదవకూడదు. భారత్ 1950లో ఇజ్రాయెల్‌ను గుర్తించింది. 1988లో పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించింది. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు నెలకొల్పుకుంది. 2023 అక్టోబరు 27న గాజాపై సర్వప్రతినిధి సభ తీర్మానం వచ్చినప్పుడు తటస్థంగా ఉంది. అదే ఏడాది డిసెంబరు 12న కాల్పుల విరమణ కోరిన తీర్మానానికి అనుకూలంగా ఓటు వేసింది. 2024 సెప్టెంబరు 18న, పన్నెండు నెలల్లో ఆక్రమణ ముగించాలన్న తీర్మానంపై మళ్ళీ తటస్థంగా ఉంది. ఒకరు అక్టోబరు ఓటు పట్టుకుని ‘భారత్ పాలస్తీనాను విడిచిపెట్టింది’ అంటారు. మరొకరు డిసెంబరు ఓటు పట్టుకుని ‘విధానం ఏమీ మారలేదు’ అంటారు. రెండూ సగం నిజాలే. తేదీలన్నీ వరుసగా పెట్టినవాడికే పూర్తి చిత్రం కనిపిస్తుంది. తన ప్రభుత్వాన్ని ప్రశ్నించే హక్కును కూడా అతడే సమర్థంగా వాడుకోగలడు.

ఏ కార్యాలయం నుండి వచ్చిన కాగితం?

ఆఫీసులో కాగితం అందగానే మేము మొదట చూసేది అది ఎక్కడి నుండి వచ్చిందన్నది. మెమోకు జీవో బలం ఉండదు, న్యాయ సలహాకు తీర్పు బలం ఉండదు. ప్రపంచ వ్యవహారాల్లోనూ అంతే. సర్వప్రతినిధి సభ తీర్మానం సాధారణంగా సిఫార్సు. నైతిక బలం గొప్పదే కానీ అది సభ్యదేశాన్ని కట్టిపడేయదు. భద్రతా మండలి నిర్ణయాలను పాటిస్తామని సభ్యదేశాలు సమితి చార్టరులోని 25వ అధికరణం ద్వారా ఒప్పుకున్నాయి. అక్కడ ఐదు శాశ్వత సభ్యదేశాలకు వీటో ఉంది. తటస్థంగా ఉండటం వీటో కాదు. 2016 డిసెంబరు 23న ఆక్రమిత ప్రాంతాల్లోని ఇజ్రాయెల్ ఆవాసాలకు చట్టబద్ధత లేదన్న 2334వ తీర్మానం 14 ఓట్లతో నెగ్గింది. అమెరికా తటస్థంగా ఉండటం వల్లనే అది సాధ్యమైంది.

హేగ్ నగరంలో రెండు న్యాయస్థానాలున్నాయి. మన చర్చల్లో అవి రెండూ కలిసిపోతుంటాయి. అంతర్జాతీయ న్యాయస్థానం దేశాల మధ్య వ్యాజ్యాలు వింటుంది, సమితి అడిగితే సలహా చెబుతుంది. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వ్యక్తులను విచారిస్తుంది. దానిలో భారత్ సభ్యదేశం కాదు. దక్షిణాఫ్రికా వేసిన వ్యాజ్యంలో 2024 జనవరి 26న అంతర్జాతీయ న్యాయస్థానం మధ్యంతర ఆదేశాలిచ్చింది. జాతి విధ్వంసం జరిగిందని ఆ రోజు తీర్పు చెప్పలేదు. పాలస్తీనీయులకు రక్షణ కోరే హక్కు ఉన్నదన్న వాదన పరిగణించదగినదేనని చెప్పి, కొన్ని చర్యలు తీసుకోవాలని ఇజ్రాయెల్‌ను ఆదేశించింది. ‘తీర్పు వచ్చేసింది’ అని మనం అంటే, ఆ ఒక్క పొరపాటును చూపించి ఎదుటివారు మిగిలిన నిజమంతా కొట్టిపారేస్తారు. నిజానికి 2024 జూలై 19న అదే న్యాయస్థానం ఇచ్చిన సలహా అభిప్రాయం మరింత సూటిగా ఉంది. ఆక్రమిత పాలస్తీనా ప్రాంతంలో ఇజ్రాయెల్ కొనసాగడం చట్టవిరుద్ధమని, వీలైనంత త్వరగా అది ముగియాలని న్యాయస్థానం చెప్పింది. ఉన్న నిజమే ఇంత బలంగా ఉన్నప్పుడు దానికి అతిశయోక్తి తోడు చేయడం మన కేసును మనమే పలుచన చేసుకోవడం.

ఒకటే కొలబద్ద

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. భద్రతా మండలి ఆ రోజే 660వ తీర్మానం చేసింది. ఇరాక్ తన సేనలన్నిటినీ వెంటనే, ఏ షరతూ లేకుండా, ఆగస్టు 1న ఉన్న స్థానాలకు ఉపసంహరించాలని అందులో రాశారు. ‘అన్ని’ ఉంది, ‘వెంటనే’ ఉంది, తేదీ కూడా ఉంది. రెండవ అర్థానికి చోటే లేదు. నవంబరు 29న 678వ తీర్మానం బలప్రయోగానికి అనుమతించింది. స్పష్టంగా రాయాలనుకుంటే రాయడం మండలికి చేతనవునని దీన్నిబట్టి తెలుస్తోంది. ఈ ద్వంద్వ ప్రమాణాన్ని ఎత్తిచూపడం మన హక్కు.

కానీ ఆ కొలబద్ద మనకూ వర్తిస్తుంది. ఇరాక్ పాలకుడు ముస్లిం కనుక కువైట్ ఆక్రమణ తప్పు కాకుండా పోదు. ఆనాడు ఉన్నదంతా వదులుకుని కట్టుబట్టలతో తిరిగివచ్చిన వేలాది కుటుంబాలలో మన కడప, గోదావరి జిల్లాల వారూ ఉన్నారు. ఆక్రమణ అంటే ఏమిటో వారిని అడిగితే చెబుతారు. అలాగే 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌లో పౌరులను చంపడం, బందీలుగా పట్టుకుపోవడం తప్పేనని చెప్పడానికి మనం తడుముకోకూడదు. ఆ తరువాత గాజాలో వేల సంఖ్యలో పసిపిల్లలు చనిపోవడాన్ని ఖండించే నోటికి అప్పుడే విలువ. ఒక రాజ్యం చేసిన పనికి యూదులందరినీ నిందించడం కూడా అన్యాయమే. ఎక్కడో ఎవరో చేసిన పనికి మన వీధిలోని ముస్లింను నిందించినప్పుడు మనకు ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా! ఒక జాతి మీది ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయకూడదన్నది దివ్య ఖుర్ఆన్ మనకు చేసిన బోధ. వార్త అందినప్పుడు నిర్ధారించుకోమన్నదీ అదే గ్రంథం. ఈ రెండూ దౌత్య చర్చకు కూడా సరిపోయే నియమాలే.

చివరగా ఒక వినతి. ప్రతి మొహల్లాలో ఐదారుగురు యువకులు, యువతులు కలిసి నెలకు ఒక తీర్మానాన్ని పూర్తి పాఠంతో చదవండి. 242తో మొదలుపెట్టండి. అది ఒక పేజీకి మించదు. అందులో ఇజ్రాయెల్ వైదొలగాలన్న మాటతో పాటు, ఆ ప్రాంతంలోని ప్రతి దేశానికీ భద్రమైన సరిహద్దుల మధ్య శాంతితో జీవించే హక్కు ఉందన్న మాట కూడా ఉంది. రెండూ చదవండి. నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయండి. ఏ సంస్థ, ఏ తేదీ, ఏ పదం, భారత్ ఓటు ఎటు. తెలుగులో సరైన అనువాదం రాసి, తేడా వచ్చే చోట కింద వివరణ ఇవ్వండి. ఆ పని తెలుగులో మనం చేయకపోతే మరెవరు చేస్తారని ఎదురుచూడాలి?

ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకంలో పన్నెండు పేజీలు నిండుతాయి. అప్పుడు మీ ఇంట్లో, మీ కళాశాలలో, మీ కార్యాలయంలో ఈ విషయం చర్చకు వస్తే గొంతు పెంచవలసిన అవసరం మీకు ఉండదు. పీడితుల పక్షాన మాట్లాడేవాడు ఒక్క తేదీ కూడా తప్పు చెప్పకూడదు. ఎందుకంటే వారి వైపు ఆయుధం లేదు, వీటో లేదు. ఉన్నది నిజం ఒక్కటే.